"మా అమ్మ చాలా డివోషనల్" అంటే తప్పా?



భక్తి అనే మాటకి ఇంగ్లీషులో సరిపోయే విశేషణం ఏంటి? అడగడానికి చిన్న ప్రశ్నే కానీ పది నిమిషాల వీడియోలో తేలేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మనం రోజూ వాడే మూడు వాక్యాలు తీసుకుందాం. "మై మదర్ ఈజ్ వెరీ డివోషనల్." "ఐ యామ్ డెడికేటెడ్ టువర్డ్స్ మై వర్క్." "హీ ఈజ్ ఎ వెరీ డివోటెడ్ పర్సన్." పెళ్లి బయోడేటాల్లో, రెజ్యూమెల్లో, ఆఫీసు వీడ్కోలు ప్రసంగాల్లో ఇవి ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాయి. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ల చెవికి మొదటిది వింతగా ఉంటుంది, రెండోది కాస్త వంకరగా ఉంటుంది. మూడోది సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది. ఆ మూడోదాని గురించే నేను ఎక్కువ చెప్పాలి.

భక్తి ఛానల్‌లో గ్రామర్ క్లాసు ఏంటి అనుకుంటున్నారా? కిష్కింధాకాండలో హనుమంతుడు బ్రాహ్మణ భిక్షువు వేషంలో వచ్చి రామలక్ష్మణులతో మొదటిసారి మాట్లాడతాడు కదా. ఆయన మాట్లాడటం అయ్యాక రాముడు లక్ష్మణుడితో మెచ్చుకున్నది దేన్నో తెలుసా? ఆయన బలాన్ని కాదు, భక్తిని అసలే కాదు, ఎందుకంటే అది ఇంకా మొదలవలేదు. ఇతను వ్యాకరణం బాగా చదువుకున్నవాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అని మెచ్చుకుంటాడు. అంటే మన సంప్రదాయంలో అందరికంటే పెద్ద భక్తుడు రాముడి దగ్గర పాసైన మొదటి పరీక్ష భాషది. కాబట్టి కాసేపు మాటల గురించి మాట్లాడుకోవడానికి మనకి పర్మిషన్ ఉన్నట్టే.

ముందు తేలికైనది తేల్చేద్దాం. "డివోషనల్" అనేది వస్తువులకి, పనులకి వాడే మాట. డివోషనల్ సాంగ్, డివోషనల్ ఛానల్, డివోషనల్ బుక్. మనిషికి అది అతకదు. మీ అమ్మగారు రోజూ విష్ణు సహస్రనామం చదువుతారు, శనివారం ఉపవాసం ఉంటారు అని చెప్పాలంటే "మై మదర్ ఈజ్ డివౌట్" లేదా "వెరీ రెలిజియస్" అనాలి. "డివౌట్" అంటే మతాచారాల్లో నిష్ఠ ఉన్నవాళ్లు. ఇక "డివోటెడ్" అన్నామంటే విషయం మారిపోతుంది. "షీ ఈజ్ డివోటెడ్" అనగానే వినేవాళ్ల మనసులో వెంటనే ఒక ప్రశ్న లేస్తుంది. ఎవరికి?

డివౌట్ అనే మాట ఒంటరిగా నిలబడగలదు. డివోటెడ్ అలా నిలబడలేదు. దానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. "డివోటెడ్ మదర్" అంటే పిల్లలు ఆ మాటలోనే ఉన్నారు. "డివోటెడ్ వైఫ్" అంటే భర్త ఉన్నాడు. కానీ "డివోటెడ్ పర్సన్" అంటే ఎదురుగా ఎవరూ లేరు. అందుకే మూడో వాక్యం సగంలో ఆగినట్టు ఉంటుందన్నాను. ఉత్తరం ఉంది, అడ్రస్ లేదు.

ఆ అడ్రస్ రాసే మాట "టు". మనం అక్కడ "టువర్డ్స్" ఎందుకు అంటాం? నాకు తోచేది ఏంటంటే, మనసులో తెలుగు వాక్యం నడుస్తుంటుంది. "పని పట్ల అంకితభావం" అంటాం కదా, ఆ "పట్ల" వెళ్లి "టువర్డ్స్" అయి కూర్చుంటుంది. "పని మీద శ్రద్ధ" అనుకునేవాళ్లు "డెడికేటెడ్ ఆన్" అంటారు, "పనిలో" అనుకునేవాళ్లు "డెడికేటెడ్ ఇన్" అంటారు. కానీ తెలుగులోనే ఇంకో వాడుక ఉంది. పుస్తకం మొదటి పేజీలో ఏం రాస్తాం? "అమ్మకు అంకితం." పట్ల లేదు, మీద లేదు. "కు". ఆ "కు"ని గుర్తుపెట్టుకుంటే చాలు, ఇంగ్లీషులో "టు" దానంతట అదే వస్తుంది. డివోటెడ్ టు, డెడికేటెడ్ టు, కమిటెడ్ టు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ "టు" తర్వాత నామవాచకం గానీ "ఇంగ్" రూపం గానీ రావాలి. "షీ ఈజ్ డివోటెడ్ టు సర్వ్ ద పూర్" కాదు, "టు సర్వింగ్ ద పూర్" అనాలి. "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" అన్నట్టే ఇదీను.

సరే, గ్రామర్ అంతే. ఇక అసలు విషయంలోకి వద్దాం.

డివోటెడ్‌కి, డెడికేటెడ్‌కి తేడా ఏంటి? నిఘంటువు చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. కానీ "డివోటెడ్ టీచర్" కంటే "డెడికేటెడ్ టీచర్" మనకి ఎక్కువ సహజంగా వినిపిస్తుంది. "డెడికేటెడ్ హస్బెండ్" అంటే మాత్రం పాపం ఆయన భర్త ఉద్యోగానికి రోజూ టైముకి వచ్చి వెళ్తున్నాడేమో అనిపిస్తుంది. డివోటెడ్‌లో ప్రేమ ముందుంటుంది, డెడికేటెడ్‌లో పని ముందుంటుంది. ఐటీలో ఉన్నవాళ్లకి ఇంకో ఉదాహరణ చెప్పనా? "డెడికేటెడ్ సర్వర్" ఉంటుంది కానీ "డివోటెడ్ సర్వర్" ఉండదు. డెడికేటెడ్ సర్వర్ అంటే ఒకే క్లయింట్‌కి కేటాయించిన మెషీన్. లోడ్ లేక ఖాళీగా ఉన్నా ఇంకొకరికి పనిచేయదు. దానికి ఆ క్లయింట్ అంటే ఇష్టమా అని మనం అడగం. కేటాయింపు జరిగింది, అంతే. "కమిటెడ్" సంగతి వేరు. మన హైదరాబాద్ కుర్రాళ్ల భాషలో ఒక అమ్మాయి కమిటెడ్ అంటే ఆమెకి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడని. ఆ మాటని ప్రస్తుతానికి అలా వదిలేద్దాం.

డివోటెడ్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలం "వొవేరే", అంటే ప్రతిజ్ఞ చేయడం, మొక్కుకోవడం. ఇంగ్లీషులో "వౌ", "వోట్" కూడా ఆ కుటుంబంలోవే. పాత రోమ్‌లో "డివోషియో" అనే ఒక కర్మకాండ ఉండేది. క్రీ.పూ. 340లో లాటిన్ల మీద యుద్ధం జరుగుతున్నప్పుడు పబ్లియస్ డెసియస్ మూస్ అనే కాన్సుల్ తన వైపు సేన వెనక్కి తగ్గడం చూశాడట. పూజారిని పిలిచి మంత్రం చెప్పించుకున్నాడు. తననూ, తనతోపాటు శత్రుసేననూ పాతాళ దేవతలకు అర్పిస్తున్నానని పలికి, గుర్రమెక్కి ఒంటరిగా శత్రువుల మధ్యకి దూసుకెళ్లి చనిపోయాడు. చరిత్రకారుడు లివీ రాసిన కథ ఇది. అలా తనను తాను అర్పించేసుకున్నవాడే తొలి అర్థంలో డివోటెడ్. ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం లేదు. పాత ఇంగ్లీషు రచనల్లో ఈ మాటకి "చావుకి రాసిపెట్టిన" అనే నీడ కూడా కనిపిస్తుంది. ఇప్పుడు మనం కాఫీ గురించి, క్రికెట్ గురించి ఇదే మాట వాడేస్తున్నాం. పర్లేదు, మాటలు అలాగే మెత్తబడతాయి.

దానికి తెలుగులో దగ్గరి బంధువు ఏంటో ఆలోచించారా? మొక్కు! మొక్కుకున్నవాడు, మొక్కు చెల్లించినవాడు. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేవాళ్లు, ఒంటి మీద ఉన్న నగలన్నీ హుండీలో వేసి నిలువుదోపిడి ఇచ్చేవాళ్లు. మాట పుట్టుక ప్రకారం చూస్తే వీళ్లే అసలు డివోటెడ్. మరి అదే మొక్కు నుంచి వచ్చిన "మొక్కుబడి" అనే మాట ఇప్పుడు ఏ అర్థంలో వాడుతున్నాం? "ఏదో మొక్కుబడిగా వచ్చి వెళ్లాడు." అంటే మనసు పెట్టకుండా, తప్పదు కాబట్టి, ఏదో అయిందనిపించడం. ఒకే రకం మాట ఇంగ్లీషులో ప్రేమ వైపు నడిచింది, తెలుగులో నిర్లిప్తత వైపు నడిచింది. ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషులో "ఐ గో టు ద జిమ్ రెలిజియస్‌లీ" అంటారు. అంటే ఒక్కరోజు కూడా మానకుండా, నియమంగా అని. వాళ్లు మతం నుంచి పట్టుదలని తీసుకున్నారు. మనం మొక్కుబడి నుంచి ఉదాసీనతని తీసుకున్నాం.

ఇది మన తప్పు అని చెప్పట్లేదు. తెలుగువాళ్లు మొక్కుని చాలా దగ్గర్నుంచి చూశారు, అందుకే దాని బలహీనత కూడా వాళ్లకి తెలిసింది. ఉద్యోగం వస్తే నడిచి కొండెక్కుతాను అనుకుంటాం. వచ్చాక ఎక్కుతాం, చెల్లించేస్తాం, లెక్క సరి. లెక్క సరిపోయిన చోట మనసు ఉండాల్సిన అవసరం లేదని జనం కనిపెట్టారు. మనసు లేకపోయినా చెల్లుబాటు అవుతుంది కాబట్టే "మొక్కుబడిగా" అనే మాట పుట్టింది. అలాగని మొక్కుకునేవాళ్లని చిన్నచూపు చూడకూడదు. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనని సేవించేవాళ్లు నాలుగు రకాలు అంటాడు. కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో కావాలని వచ్చినవాడు, జ్ఞాని. జ్ఞానికి పెద్దపీట వేస్తాడు కానీ, వీళ్లందరూ ఉదారులే అని కూడా అంటాడు. సెమిస్టర్ రిజల్ట్స్ కోసం కొబ్బరికాయ కొట్టే అబ్బాయి కూడా ఆ లిస్టులో ఉన్నాడు. నాకు ఆ శ్లోకం ఎందుకో చాలా ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు రెజ్యూమె దగ్గరికి వద్దాం. "హైలీ డెడికేటెడ్ అండ్ డివోటెడ్ ప్రొఫెషనల్." ఈ వాక్యంలో గ్రామర్ తప్పేమీ లేదు. మరి చదివేవాళ్లకి ఎందుకు పట్టదు? ఎందుకంటే కొన్ని విశేషణాలు ఇతరులు ఇవ్వాల్సినవి. పొడుగు, పొట్టి, శాకాహారి లాంటివి మన గురించి మనం చెప్పుకోవచ్చు. వినయం గలవాడిని అని మనమే చెప్పుకుంటే ఆ మాటే దాన్ని కొట్టేస్తుంది. డివోటెడ్ సరిగ్గా అంతలా కాకపోయినా ఆ వరుసలోదే. "హీ వాజ్ ఎ డివోటెడ్ సన్" అని ఇంకొకరు అనాలి, అదీ చాలా ఏళ్లు చూశాక. "ఐ యామ్ ఎ డివోటెడ్ సన్" అని ఇంట్రడ్యూస్ చేసుకునేవాడిని చూస్తే వాళ్ల నాన్నగారికి ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాలనిపిస్తుంది.

హనుమంతుడు లంకలో తనని తాను పరిచయం చేసుకున్నప్పుడు ఏమన్నాడో గమనించండి. రాముడి దూతని అన్నాడు, దాసుణ్ణి అన్నాడు. రెండూ నామవాచకాలే. తన గుణం ఎంత గొప్పదో చెప్పలేదు, తాను ఎవరి మనిషో చెప్పాడు. విశేషణాలన్నీ తర్వాత మనం తగిలించినవి. గీత పన్నెండో అధ్యాయం చివర 13వ శ్లోకం నుంచి భక్తుడి లక్షణాలు వరసగా వస్తాయి. ఏ ప్రాణినీ ద్వేషించడు, స్నేహంగా ఉంటాడు, దయ ఉంటుంది, నిందకీ పొగడ్తకీ ఒకేలా ఉంటాడు, అతని వల్ల లోకం కంగారుపడదు, లోకం వల్ల అతను కంగారుపడడు. అలాంటి భక్తుడు నాకు ఇష్టుడు అని కృష్ణుడు అంటాడు. విశేషణం ఇస్తున్నది ఆయన. ఆ లిస్టులో గంటల లెక్క లేదు, ఎన్ని ప్రదక్షిణలు అన్నది లేదు. పక్కనున్న మనుషులతో ఎలా ఉంటాడన్నదే ఎక్కువ.

కాబట్టి రెజ్యూమెలో ఆ లైన్ తీసేసి, చేసిన పని రాయండి. రెండేళ్లు ఒకే ప్రాజెక్ట్‌ని వదలకుండా నిలబెట్టి ఉంటే అదే రాయండి. డెడికేటెడ్ అన్న మాట రికమెండేషన్ లెటర్ రాసే మీ మేనేజర్‌కి వదిలేయండి.

తెలుగులో "అంకితం" సంగతి ఇంకా లోతుగా ఉంది. అంకం అంటే గుర్తు. మన "అంకె" కూడా అక్కడిదే. అంకితం అంటే గుర్తు వేయబడినది. హరిదాస సంప్రదాయంలో పాట చివర వచ్చే ముద్రని "అంకిత" అనే పిలుస్తారు. పురందరదాసు పాటలకి పురందర విఠల అనేది ఆ గుర్తు. అన్నమయ్య సంకీర్తనల్లో చివర కనిపించేది ఆయన పేరు కాదు, వేంకటేశ్వరుడి పేరు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు. రాసినవాడి సంతకం పెట్టాల్సిన చోట తీసుకునేవాడి పేరు పెట్టడం! కాపీరైట్ గోలలు పడే మనకి ఇది అర్థం కావడం కొంచెం కష్టమే.

తెలుగు కవులకి కావ్యాన్ని ఎవరికి అంకితం ఇవ్వాలన్నది చాలా పెద్ద ప్రశ్న. కృతిని కన్యగా, పుచ్చుకునేవాడిని కృతిభర్తగా చెప్పుకునేవాళ్లు. కూతుర్ని ఎవరికి ఇస్తావు అన్నంత సీరియస్ విషయం అన్నమాట. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని తన రాజు మనుమసిద్ధికి ఇచ్చాడు, మహాభారతాన్ని మాత్రం హరిహరనాథుడికి ఇచ్చాడు. పెద్దన మనుచరిత్రని కృష్ణదేవరాయలకి ఇచ్చాడు. ఆ కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదని వేంకటేశ్వరుడికి ఇచ్చాడు. పోతన అయితే భాగవతాన్ని రాజులకి ఇవ్వనని ముందే తేల్చేసి శ్రీరాముడికి ఇచ్చాడు. సర్వజ్ఞ సింగభూపాలుడు అడిగినా ఇవ్వలేదని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఇక్కడ మనం ఒక తొందరపాటు పని చేస్తుంటాం. పోతన గొప్పవాడు, రాజుకిచ్చిన పెద్దన తక్కువవాడు అనేస్తాం. నాకు అలా అనిపించదు. మనుచరిత్రలో పద్యం రాజుకిచ్చినంత మాత్రాన ఎక్కడా పలచబడలేదు. పనిలో పెట్టిన శ్రద్ధ ఒకటి, ఆ పని ఎవరికి చేరుతుందన్నది ఇంకొకటి. మొదటిది పెద్దనకీ పోతనకీ ఇద్దరికీ ఉంది. రెండోది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. ఇంగ్లీషులో మనం "డెడికేటెడ్" అని ఆపేసినప్పుడు ఆ మొదటిదాన్ని మాత్రమే పొగుడుతున్నాం. "టు" పెట్టగానే రెండోది కూడా చెప్పాల్సి వస్తుంది. బహుశా అందుకే ఆఫీసుల్లో "టు" లేకుండా వాడతారేమో.

ఆ "టు" రెండు వైపులకి లాగినప్పుడు ఏమవుతుంది? దీనికి మన దగ్గర రామదాసు కథ కంటే మంచి ఉదాహరణ లేదు. కంచర్ల గోపన్న 17వ శతాబ్దంవాడు. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలకి మేనల్లుడు. పాల్వంచ పరగణాకి తహశీల్దారు. సర్కారుకి చేరాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. దానికి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడని చెప్తారు. ఇప్పటికీ కోట చూడటానికి వెళ్తే రామదాసు బందీఖానా అని చూపిస్తారు.

గోపన్నకి ఇంగ్లీషు విశేషణాలు పెట్టి చూడండి. "హీ వాజ్ డివోటెడ్ టు రామా." ఇందులో ఎవరికీ సందేహం లేదు. "హీ వాజ్ ఎ డెడికేటెడ్ తహశీల్దార్." ఇక్కడ నోరు ఆగుతుంది. ఆ సొమ్ము ఆయనది కాదు, సర్కారుది. ఇంకా చెప్పాలంటే రైతులు కట్టింది. భక్తి ఉంది కాబట్టి ఖజానా సొమ్ము వాడొచ్చా? ఈ ప్రశ్న అడిగితే కొంతమంది పెద్దవాళ్లు కోప్పడతారు, రామదాసునే ప్రశ్నిస్తావా అని. కానీ అసలు ఆ కథే ఈ ప్రశ్నని దాచిపెట్టలేదు. కథ ఎలా ముగుస్తుంది? రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే సేవకుల రూపంలో అర్ధరాత్రి తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షలు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు తీసుకుని, గోపన్నని విడిపిస్తారు. రాముడు తలుచుకుంటే చెరసాల గోడలు కూల్చేయలేడా? తానీషా మనసు మార్చేయలేడా? అలా చేయలేదు. బాకీ కట్టాడు. రసీదు కూడా తీసుకున్నాడు.

మన జనం ఆ కథని ఇలా చెప్పుకున్నారంటే వాళ్లకి ఒక విషయం స్పష్టంగా తెలుసు. ఒకరికి డివోటెడ్ అయినంత మాత్రాన ఇంకొకరికి ఉన్న బాకీ మాఫీ అవదు. తానీషాని వాళ్లు రాక్షసుడిగా చూపించలేదు కూడా. పైగా శ్రీరామనవమికి భద్రాచలానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయన పేరు మీదే చెప్పుకుంటారు. ఇక గోపన్న విషయానికొస్తే, ఆయన తన భక్తికి అయిన ఖర్చుని తన ఒంటి మీదే భరించాడు. పన్నెండేళ్లు. చెరసాలలో రాముడిని నిలదీసి పాడుకున్నాడు, నీకు చేయించిన నగలకి ఎంతెంత అయిందో లెక్కలు చెప్పి మరీ పాడుకున్నాడు. బిల్లు పక్కవాడికి పంపలేదు.

ఇది మన ఆఫీసులకి బాగా పనికొచ్చే లెక్క. మాదాపూర్‌లో పనిచేసే ఒక అబ్బాయి ఉన్నాడనుకోండి. రిలీజ్ ఉంది. అమ్మకి అదే రోజు కంటి ఆపరేషన్. అతను ఆఫీసులో ఉండిపోతాడు. అమ్మని పక్కింటి ఆంటీ తీసుకెళ్తుంది. అప్రైజల్‌లో "వెరీ డెడికేటెడ్" అని వస్తుంది. ఆ డెడికేషన్ ఖర్చు ఎవరి ఖాతాలో పడింది? అతని నిద్ర కొంత పోయి ఉండొచ్చు, కాదనను. కానీ పెద్ద మొత్తం అమ్మ ఖాతాలో పడింది. ఆవిడ ఏ ప్రాజెక్టుకీ మొక్కుకోలేదు. నర్సులు, డాక్టర్లు, సరిహద్దులో ఉండే జవాన్ల విషయం వేరు. వాళ్లు డ్యూటీలో ఉండిపోతే ఆ అవతల ఒక ప్రాణం ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా ఆ సంగతి తెలిసే ఒప్పుకుని ఉంటారు. ప్రతి రిలీజూ అలాంటిది కాదు. అది అలాంటిదేనని మనల్ని నమ్మించడానికే ఒక్కోసారి ఆ పొగడ్త వాడతారు. మేనేజర్ చెడ్డవాడని కాదు, ఆయన్నీ పైవాళ్లు అదే మాటతో పొగుడుతుంటారు.

దీనికి తిరుగు ఉదాహరణ కూడా ఉంది. నెలనెలా డబ్బు పంపుతాడు కాబట్టి "డివోటెడ్ సన్" అని బంధువులు అనే అబ్బాయి. ఆ డబ్బు అవసరమే, దాన్ని తక్కువ చేయను. కానీ వాట్సాప్‌లో అమ్మ పంపిన గుడ్ మార్నింగ్ ఫొటోకి మూడు వారాలుగా బ్లూ టిక్ కూడా పడకపోతే, దానికి తెలుగులో సరైన మాట మన దగ్గర ముందే ఉంది. మొక్కుబడి.

సంస్కృతంలో భక్తి అనే మాట "భజ్" ధాతువు నుంచి వచ్చింది. దాని అర్థాల్లో ఒకటి పంచుకోవడం, భాగం కావడం. భాగం, భాగ్యం, భాగస్వామి, విభజన, అన్నీ ఆ ఇంటివే. "భక్తం" అంటే సంస్కృతంలో అన్నం అని కూడా అర్థం ఉంది, వడ్డించే భాగం కదా. మాట పుట్టుక దగ్గర చూస్తే డివోటెడ్ అంటే అంతా ఇచ్చేసినవాడు, అంకితుడంటే గుర్తు వేయించుకున్నవాడు. భక్తుడు మాత్రం భాగం పంచుకున్నవాడు. నైవేద్యం పెట్టింది పెట్టినట్టే ఆయన దగ్గర ఉండిపోదు, ప్రసాదమై తిరిగొచ్చి ఇంట్లో అందరికీ, వీధిలో వాళ్లకి కూడా పంచబడుతుంది. డెడికేటెడ్ సర్వర్ ఒకరికే. భక్తిలో పులిహోర పక్కవాడికి కూడా అందుతుంది. అందుకే భక్తికి డెడికేషన్ అని అనువాదం చేస్తే నాకు మనసొప్పదు. డివోషన్ కొంచెం దగ్గర. సరిగ్గా సరిపోయే మాట ఇంగ్లీషులో నాకు కనపడలేదు.

చివరిగా ఒక చిన్న సందేహం మిగిలింది. "డివోటీ" తర్వాత ఏం రావాలి? డివోటెడ్ తర్వాత "టు" అన్నాం కాబట్టి "డివోటీ టు శివా" అనేస్తుంటారు. అక్కడ "ఆఫ్" రావాలి. "ఎ డివోటీ ఆఫ్ శివా." ముందు "స్టాంచ్" అక్కర్లేదు, ఆ మాట పార్టీ కార్యకర్తలకి బాగుంటుంది. "ఆర్డెంట్" చాలు. "డివోటెడ్ డివోటీ" అయితే వద్దే వద్దు, చెప్పిందే చెప్పినట్టు. ఎందుకు డివోటెడ్‌కి "టు", డివోటీకి "ఆఫ్"? తెలుగులో చెప్పుకుంటే తేలిగ్గా తెలిసిపోతుంది. శివుడికి అంకితం, శివుడి భక్తుడు. మొదటిదాంట్లో ఇంకా ఇస్తూ ఉన్నారు. రెండోదాంట్లో ఇచ్చేయడం అయిపోయింది.